తేనీటి విందు: కాచేదెవరు? కూర్చునేదెవరు?



‘తేనీటి విందు’ అనే మాట మన కంటికి సాధారణంగా ఏడాదికి రెండుసార్లు పడుతుంది. జనవరి 26న, ఆగస్టు 15న రాజ్‌భవన్‌లో గవర్నరుగారు ‘ఎట్ హోం’ పేరిట ప్రముఖులను పిలుస్తారు. మరునాటి పత్రికలు దానిని తేనీటి విందు అని రాస్తాయి. మా ఆత్మకూరులోగాని, ఉదయగిరిలోగాని ఇంట్లో ఎవరూ ఈ మాట వాడరు. “సాయంత్రం ఇంటికి రండి, కాసిన్ని టీ నీళ్ళు తాగి పోదురుగాని” అంటారు. నేను మాట్లాడదలచుకున్నది ఈ చిన్న పిలుపును గురించి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బంధుమిత్రులను నాలుగు గంటల వేళ ఇంటికి పిలిచి, వసారాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చీకటి పడేదాకా మాట్లాడుకునే అలవాటు మా పడమటి నెల్లూరు సీమలో నిలవాలి. అయితే ఆ కూర్చున్నవారిలో మన కులం కానివారు, మన మతం కానివారు, మన ఇంట్లో పని చేసేవారు లేకపోతే, టీ కాచిన ఇల్లాలు కూడా వచ్చి వారి మధ్య కూర్చోకపోతే, ఆ అలవాటు నిలిచినందువల్ల ఊరికి కలిగే మేలేమీ లేదు. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ముందు మాట సంగతి. తెలుగు పండితుణ్ణి గదా, ఆ జబ్బు పోదు. ‘తేనీరు’ అంటే తేనెవంటి నీరు అని చాలామంది పిల్లలు అనుకుంటారు. చెవికి ఇంపుగానే ఉన్నది గాని, అది నిజం కాదు. చైనా దేశపు ఆగ్నేయ తీరంలో, ఫుజియన్ ప్రాంతపు భాషలో ఈ ఆకును ‘తే’ అంటారు. అక్కడినుంచి ఓడలమీద సరుకు కొనుక్కుపోయిన డచ్చివారి ద్వారా ఆ పేరు ఐరోపాకు వెళ్ళి, ఇంగ్లీషులో ‘టీ’ అయింది. చైనాలో తక్కిన చాలా ప్రాంతాలలో ‘చా’ అంటారు. అది నేలదారిన పారశీకానికి పోయి, అక్కడినుంచి ఉర్దూ, హిందీలలోకి ‘చాయ్’గా వచ్చింది. మనవాళ్ళు ‘తే’ పక్కన ‘ఆకు’ చేర్చారు. అచ్చు మీద అచ్చు వచ్చింది, సంధి జరగలేదు కాబట్టి యడాగమం వచ్చి ‘తేయాకు’ అయింది. ‘తే’ పక్కన ‘నీరు’ చేరి ‘తేనీరు’ అయింది. నీరు ఔపవిభక్తికం. ఏరు ఏటి, నోరు నోటి అయినట్టే నీరు నీటి అవుతుంది కాబట్టి ‘తేనీటి విందు’. పొరుగున తమిళులు కూడా తేయిలై, తేనీర్ అనే అంటారు. ఉదయగిరి వీధిలో ఒక ఇంట్లో చాయ్ అంటారు, పక్క ఇంట్లో టీ అంటారు. ఓడదారిన వచ్చిన మాటా, ఒంటెదారిన వచ్చిన మాటా మా ఊరి గోడకు అటూ ఇటూ కాపురముంటున్నాయి.

ఇది మన సనాతన పానీయమని ఎవరైనా అంటే నవ్వుకోవాలి. అస్సాం అడవులలో తేయాకు మొక్క ఉన్నదని రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండు వర్తకునికి తెలిసింది 1823లో. అస్సాం ఆకు లండన్ వేలంలో అమ్ముడుపోయింది 1839లో. మధ్యాహ్నానికీ రాత్రి భోజనానికీ నడుమ కడుపులో ఆకలి పుట్టి, బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మారియా తన గదికి టీ తెప్పించుకొని, తరువాత స్నేహితురాళ్ళను కూడా పిలవడం మొదలుపెట్టినది 1840 ప్రాంతంలో అని చెబుతారు. మనదేశంలో పండిన ఆకును మనవాళ్ళ చేత తాగించడానికి మాత్రం వర్తకులు చాలా శ్రమపడవలసి వచ్చింది. 1903లో టీ మీద సెస్సు విధించే చట్టం వచ్చింది. ఆ డబ్బుతో రైల్వేస్టేషన్లలో, మిల్లులలో, సంతలలో టీ కాచి చూపించి, రుచి మరిపారు. 1930ల తొలి సంవత్సరాలలో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చించి, చుట్టి గుళికలుగా చేసే ఈ పద్ధతివల్ల తక్కువ పొడితో చిక్కటి రంగు దిగే టీ పేదవానికి అందింది. కాబట్టి ఇందులో మతాచారం లేదు, శాస్త్రవిధి లేదు. నిన్నగాక మొన్న వచ్చిన పానీయం ఇది. నా వాదానికి ఇదే మొదటి ఆధారం. పాత ఆచారం లేనిచోట కొత్త ఆచారం పెట్టుకోవడానికి వీలుంటుంది.

నెల్లూరు 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనిది. మద్రాసు మర్యాద కాఫీది. పెద్దకులాల ఇళ్ళలో ఇత్తడి ఫిల్టరు, డబరా గ్లాసు, వచ్చినవారి హోదాను బట్టి చిక్కటి డికాక్షను, పలుచటి డికాక్షను. ఆ నాటి కాఫీ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. టీ కూలివాని పానీయం, లారీవాని పానీయం, తురకల పానీయం అని చిన్నచూపు. మా తరంవారి చిన్నతనంలో కూడా “మా ఇంట్లో టీ తాగం” అనడం ఒక పరువుగా ఉండేది. ఆ చిన్నచూపు పోయింది. ఇవాళ పడమటి మండలాలలో టీ కాచని ఇల్లు అరుదు. పానీయానికి కులం పోయింది, మంచిదే. తాగే గ్లాసుకు పోయిందా అన్నదే నా ప్రశ్న.

భోజనానికి పిలవకుండా టీకే ఎందుకు పిలవాలి? భోజనం పెద్ద వ్యవహారం. అందులో అన్నం ఉన్నది, పంక్తి ఉన్నది, మడి ఉన్నది, ఎంగిలి ఉన్నది, మాంసం తినేవారూ తిననివారూ ఉన్నారు. ఒకరిని భోజనానికి పిలిస్తే తక్కినవారు లెక్కలు కడతారు. పెట్టినవారు బాకీ పెట్టినట్టు, తిన్నవారు బాకీ పడినట్టు ఉంటుంది. టీకి ఈ బరువు లేదు. అది కడుపు నింపదు కాబట్టి ఎవరి ఋణమూ కాదు. ఇంట్లో వృద్ధురాలు అన్నం విషయంలో పట్టిన పట్టు టీ విషయంలో పట్టదు. అన్నం ముట్టనివాడు కూడా టీ ముడతాడు. సమాజంలో పెద్ద తలుపు తెరుచుకోనప్పుడు ఇటువంటి చిన్న తలుపు ఒకటి ఉండడం మన అదృష్టం.

పైగా ఆతిథ్యమంటే వంటకాల సంఖ్య కాదని మన కావ్యాలే చెప్పాయి. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని ఇంటి ఆతిథ్యాన్ని వర్ణించాడు. వానకాలంలో ఒక తీరు భోజనం, ఎండకాలంలో ఒక తీరు, చలికాలంలో ఒక తీరు. వచ్చినవాని ఒంటికి ఆ రోజు ఏది హితమో దానిని పెట్టడం అక్కడి మర్యాద. అంతా పెడుతూ కూడా ఆ గృహస్థు కూరలు ఎక్కువ లేవనీ, వేడిగా లేవనీ, దయచేసి భుజించమనీ అతిథులను వేడుకుంటాడు. ఆ వినయమే మా పల్లెల్లో “కాసిన్ని టీ నీళ్ళు” అన్న మాటలో ఉన్నది. చిక్కటి పాలు పోసి, అల్లం దంచి వేసి కాచినదానిని కూడా ‘నీళ్ళు’ అనే చెబుతారు. ఆ కావ్యం రాసిన రాజు గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గాన్ని నెలల తరబడి ముట్టడించి, 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, దానికోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. దండయాత్రకు వచ్చిన రాజును చరిత్ర గుర్తుపెట్టుకున్నది. అతిథిమర్యాద తెలిసిన కవిని మా ఊరు కూడా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇక వేళ, సరంజామా. మా సీమకు పడమట వెలిగొండలు. వేసవిలో మధ్యాహ్నపు వడగాలికి పిట్ట కూడా గూడు విడవదు. కాబట్టి చైత్రవైశాఖాలలో అయిదు గంటలకు ముందు ఎవరినీ పిలవకూడదు. చలికాలంలో నాలుగింటికే కూర్చోవచ్చు, ఆరు కాకముందే చీకటి పడుతుంది. భోజనమైన వెంటనే టీ వద్దు. తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుందని వైద్యులు చెబుతారు. రక్తహీనత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్ళు ఈ మాట తప్పక వినాలి. భోజనానికీ టీకీ నడుమ రెండు గంటలు గడవనిస్తే మంచిది.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు బెడద ఏనాటినుంచో ఉన్నది. కాచినంతమాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. తేయాకులో స్వతహాగా కూడా కొంత ఫ్లోరైడు ఉంటుంది. కాబట్టి ఆ బోరునీళ్ళతో గంటలకొద్దీ మరిగించిన టీ అతిథికి ఇవ్వడం మర్యాద కాదు. శుద్ధిచేసిన నీళ్ళో, పట్టిన వాననీళ్ళో వాడాలి. పదిమందికి ముప్పాతిక లీటరు నీళ్ళు, అరలీటరు పాలు, పది చిన్న చెంచాల పొడి సరిపోతాయి. చక్కెర విడిగా పెట్టాలి. మా వయసువారు నలుగురు కూర్చుంటే ఇద్దరికి మధుమేహం ఉంటుంది. చక్కెర వద్దని నలుగురిలో నోరు విడిచి చెప్పుకోవలసిన అవస్థ అతిథికి కలగకూడదు. పాలు పడనివారికి నిమ్మరసం ఉండనే ఉన్నది. నిమ్మకాయకు పేరుపడిన జిల్లా మనది. తినడానికి వేయించిన సెనక్కాయలు, ఉడికించిన అలసంద గుగ్గిళ్ళు, తాలింపు వేసిన బొరుగులు, ఇంట్లో పిండిన మురుకులు చాలు. ఎవరైనా నెల్లూరునుంచి వస్తూ మలై కాజా తెస్తే వద్దనము. అంతకుమించి ఆర్భాటం చేస్తే మరునాడు పిలవవలసినవారు జంకుతారు. వాళ్ళు తిరిగి పిలవలేనంత గొప్పగా మనం పెట్టకూడదు. విందుకు ఇది నేను పెట్టుకున్న కొలత.

గుగ్గిళ్ళూ బొరుగులూ వడ్డించుకోవడానికి ఉదయగిరి కొయ్య చెంచాలు వాడమని మిత్రులకు చెబుతుంటాను. ఊరు ఎరగనివారికోసం రెండు మాటలు. ఉదయగిరిలో కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే వృత్తి తరతరాలుగా ఉన్నది. దుర్గపు కొండల చుట్టుపట్ల అడవిలో దొరికే కర్రను ఎండబెట్టి, నరికి, ఉలితో, ఆకురాయితో నునుపుచేసి, పిడిమీద సన్నని నగిషీ చెక్కుతారు. ఎక్కువగా ముస్లిం కుటుంబాల పని ఇది, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళ పని. ఈ సరుకుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. లేపాక్షి దుకాణాలలో, హస్తకళా ప్రదర్శనలలో కొని, పట్నపు ఇళ్ళవాళ్ళు గాజు అలమారులో పెట్టుకుంటారు. మా ఇళ్ళలోనూ ఉన్నాయి. ఇక్కడ ఒక్క ప్రశ్న అడగాలి. ఆ చెంచా మన వసారాలోకి వచ్చింది. దానిని చెక్కిన ఆమె ఎన్నడైనా వచ్చి ఆ వసారాలో కూర్చున్నదా? కొండమీద రంగనాయకుల గుడి, బాలకృష్ణుని గుడి ఉన్న దుర్గంలోనే మసీదులూ ఉన్నాయి. రాతికట్టడాలు అన్ని శతాబ్దాలు పక్కపక్కన నిలబడ్డాయి. మనుషులు పండుగ పూట మాత్రమే పక్కపక్కన కూర్చుంటున్నారు. రంజాను నెలలో ఇఫ్తారుకు మనల్ని పిలిచేవారు ఉన్నారు. మామూలు మంగళవారంనాడు, ఏ పండుగా లేని పూట, ఏ ఫొటో తీయని పూట, మనం వాళ్ళను టీకి పిలుస్తున్నామా?

ఇక కాచేవారి సంగతి. మన ఇళ్ళలో పదిమంది వస్తే ఇల్లాలు వంటింటి గడపకు అతుక్కుపోతుంది. మొదటి విడత టీ, తరువాత ఆలస్యంగా వచ్చినవారికి, తరువాత “ఇంకొంచెం ఉందా అమ్మా” అన్నవారికి. చివరికి ఆమె గ్లాసు చేతికి వచ్చేసరికి టీ చల్లారుతుంది, మాట ముగుస్తుంది. ఇంటికి నలుగురు వచ్చినందుకు ఆమెకు మిగిలింది తోమవలసిన గ్లాసులు. ఈ పద్ధతి మారాలి. టీని ఒకేసారి పెద్దగిన్నెలో కాచి, ఫ్లాస్కులలో పోసి, వసారాలో బల్లమీద పెట్టాలి. ఎవరిది వారు పోసుకోవాలి. మగవాళ్ళు కాచడం నేర్చుకుంటే మరీ మంచిది, అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గ్లాసులు కడిగేవేళ కూడా ఆ చేతులే ముందుకు రావాలి.

ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మా సీమకు తెలిసినట్టుగా మరొకరికి తెలియదు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరిట వయోజనవిద్య ఉద్యమం నడిచింది. పొద్దుగూకాక, పనులు ముగించుకొని, దీపం చుట్టూ ఆడవాళ్ళు చేరేవారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉన్నది. సారా వ్యసనంవల్ల నలిగిపోయిన సంసారపు కథ అది. అది చదివినవారు అక్షరాలతో ఆగలేదు, తమ ఇళ్ళ సంగతి ఒకరికొకరు చెప్పుకున్నారు. కలిగిరి మండలంలోని దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. పల్లెపల్లెకూ పాకిన ఆ ఉద్యమానికి తలవంచి ప్రభుత్వం 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. అక్కడ వారికి టీ ఎవరు ఇచ్చారో, ఇవ్వలేదో నాకు ముఖ్యం కాదు. తీరికగా, పక్కపక్కన, వినేవారు ఉన్నారన్న ధైర్యంతో కూర్చోవడం ముఖ్యం. ఇవాళ మగవారికి బస్టాండు దగ్గర టీ అంగడి ఉన్నది. అక్కడ గంటసేపు నిలబడి రాజకీయం మాట్లాడుకోవచ్చు. ఆడవారికి ఊళ్ళో అటువంటి చోటు లేదు. వసారాలో టీ అయినా లేకపోతే వారికి మిగిలేది టీవీ సీరియలు, చేతిలో ఫోను.

టీ అంగడి మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో మా తరంవారికి వేరే చెప్పనక్కరలేదు. ఊరివారికి బల్లమీద గ్లాసు, దళితులకు చూరులో దోపిన వేరే గ్లాసు. తాగినవారే కడిగి మళ్ళీ అక్కడ పెట్టాలి. రాజ్యాంగంలోని 15వ అధికరణం అంగళ్ళలో, హోటళ్ళలో ఈ వివక్ష కూడదన్నది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దుచేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమయింది. హోటలులో అందరికోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం ఆ చట్టం ప్రకారం నేరం. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఇన్ని చట్టాల తరువాత కూడా అంటరానితనం పోలేదని జస్టిస్ పున్నయ్య సంఘం 2001లో ప్రభుత్వానికి చెప్పవలసి వచ్చింది. అయినా అంగడిలో కొంత మార్పు వచ్చిన మాట నిజం. చట్టానికి భయపడో, వ్యాపారం కోసమో, వాడి పారేసే కాగితపు కప్పు వచ్చినందువల్లనో, బస్టాండు దగ్గర ఇవాళ ఎవరి గ్లాసు ఏదని అడగరు. కాగితపు కప్పు మన మనసును మార్చలేదు, ప్రశ్న రాకుండా చేసింది, అంతే.

ఆ చట్టం అంగడిదాకా వస్తుంది. మన ఇంటి గడప దాటి లోపలికి రాదు. మన వసారాలో ఎవరిని కుర్చీలో కూర్చోబెడతామో, ఎవరిని మెట్టుమీద ఆపుతామో, ఎవరికి ఏ గ్లాసు ఇస్తామో అడిగే అధికారి లేడు. కాబట్టి ఆ చట్టం సగం పని మన చేతిలో పెట్టి వెళ్ళింది. చాలా ఇళ్ళ వంటింట్లో ఇవాళ్టికీ పనిమనిషి గ్లాసు విడిగా ఉంటుంది. కిటికీలోనో, పెరటిగోడమీదనో, కుళాయి పక్కనో. అదేమిటని అడిగితే “శుభ్రం కోసం” అంటారు. మన గ్లాసులన్నీ తోమేది ఆమే గదా! ఆమె చేయి శుభ్రమయినది, ఆమె పెదవి మాత్రం కాదా? ఈ ప్రశ్నకు తర్కశాస్త్రంలో సమాధానం లేదు.

కాబట్టి సాయంత్రపు టీకి పిలిచినప్పుడు ఆమెను కూడా పిలవాలి, టీ అందించడానికి కాదు, కూర్చోవడానికి. గ్లాసులన్నీ ఒకేరకంవి ఉండాలి. బంధువులకు పింగాణీ, తక్కినవారికి స్టీలు అన్న భేదం కంటికి కనపడకూడదు. కుర్చీలు చాలకపోతే అందరూ చాపమీద కూర్చోవాలి. కొందరు కుర్చీలో, కొందరు నేలమీద అయితే ఆ విందు జరగకపోవడమే మేలు.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది, “ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు.” అనుభవంమీద చెబుతున్నాను, పెద్దవాళ్ళ పేరు చెప్పి మధ్యవయసువారు తప్పించుకోవడమే ఎక్కువ. మనుమడు కువైట్‌లో ఎవరి గదిలో ఎవరితో కలిసి వండుకు తింటున్నాడో ముసలమ్మకు తెలుసు. తెలిసీ ఊరుకున్నది. రెండవది, “ఇది చూపుకోసం చేసే సంస్కరణ.” ఫొటో తీసి పదిమందికి చూపిస్తే అవును. ఏ ప్రకటనా లేకుండా నెలకు రెండుసార్లు, ఏడాదిపాటు జరిగితే ఎవరూ దానిని సంస్కరణ అనరు. ఫలానావారింట్లో టీ అంటారు. మూడవది గాంధేయ మిత్రులది. టీ ఒంటికి అవసరం లేదని మహాత్ముడు రాశాడని గుర్తుచేస్తారు. రాసిన మాట నిజమే. వారు నిమ్మరసం తాగవచ్చు. సహపంక్తిని మాత్రం మహాత్ముని పేరు చెప్పి కాదనలేరు.

నాలుగవ ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. దానిని తేలికగా తీసుకోకూడదు. “మీరు పిలుస్తారు సరే, వాళ్ళకు ఇష్టమా?” ఎన్నడూ గడప దాటనివ్వని ఇంట్లో హఠాత్తుగా కుర్చీ వేస్తే, ఆ కుర్చీలో కూర్చున్నవాని వీపుమీద అందరి కళ్ళూ పడతాయి. ఇది వారికి గౌరవమో, పరీక్షో చెప్పలేము. టీ ఇవ్వబోతే “వద్దు అయివారూ, ఇప్పుడే తాగొచ్చినా” అనేవారిని ఎందరినో చూశాను. ఆ మాటకు చాలాసార్లు టీ తాగి వచ్చారన్న అర్థం లేదు. ఏ గ్లాసులో ఇస్తారో, ఎక్కడ కూర్చోమంటారో తెలియని చోట మర్యాద కాపాడుకోవడానికి మనిషి వేసుకునే తలుపుగడియ అది. వంద సంవత్సరాల అనుభవం ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. దానిని మొహమాటం అని మనం అనుకోవడం మన సౌకర్యం.

ఈ గడియను మనం బయటినుంచి తీయలేము. అందుకు ఒక్కటే దారి కనిపిస్తున్నది. పిలవడానికి ముందు వెళ్ళాలి. దళితవాడలోని సహోద్యోగి ఇంటికి, కొయ్య చెంచాలు చెక్కే కుటుంబం ఇంటికి, మన ఇంట్లో పనిచేసే ఆమె ఇంటికి, ఏ పనీ పెట్టుకోకుండా ఒక సాయంత్రం వెళ్ళాలి. వారు కూర్చోమన్నచోట కూర్చోవాలి. వారు ఇచ్చిన గ్లాసులో, వారు కాచిన టీ చివరి గుక్కదాకా తాగాలి. “ఇప్పుడే తాగొచ్చాను” అని మనం అనకూడదు. పెట్టడం మనకు అలవాటే. దానం చేసిన పేరు, ధర్మం చేసిన తృప్తి అందులో దొరుకుతాయి. పుచ్చుకోవడం మన అహంకారానికి కష్టం. అతిథిగా వెళ్ళినవాడు ఆ పూటకు ఆ ఇంటి మర్యాదకు లోబడి ఉంటాడు. ఆ లోబడడమే మన తరం నేర్చుకోవలసినది. అలా రెండుమూడుసార్లు వెళ్ళినవాడు తరువాత పిలిస్తే, ఆ పిలుపు వారికి బదులుపిలుపు అవుతుంది. బదులుపిలుపులో దయ ఉండదు, లెక్క ఉంటుంది. సమానుల మధ్య ఉండవలసినది ఆ లెక్కే.

నెలకు రెండు సాయంత్రాలు, లీటరుంబావు టీ, ఒకేరకం గ్లాసులు పన్నెండు, రెండు చాపలు. ఇంతకు మించి ఖర్చు లేదు. ఆత్మకూరులో ఉన్న పాత విద్యార్థులు ఇద్దరుముగ్గురు ఈ పద్ధతి మొదలుపెట్టారని తెలిసి సంతోషించాను. వారిలో ఒక అమ్మాయి ఒక మాట అడిగింది: “సార్, మేము ముందు వాళ్ళింటికి పోతే, ఆ టీకి పాలు వాళ్ళు అప్పు తెస్తారేమో. అప్పుడేం చెయ్యాలి?” మంచి ప్రశ్న. పాలు లేని టీ అడిగి తాగమన్నాను. మా సీమలో పాలు లేని టీలో నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుంది. ఇంతకన్న మంచి ఉపాయం ఉంటే మిత్రులు చెప్పండి. మీ ఊళ్ళలో సాయంత్రపు టీకి ఎవరిని పిలుస్తారో, ఎవరింటికి వెళతారో కూడా రాస్తే చదవాలని ఉన్నది.

స్వస్తి.